నరంలోంచి భోజనం: ఇద్దరు ఆరోగ్య మంత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్యశాఖ మంత్రులకు,



ఇద్దరికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఆరోగ్యశ్రీ పుట్టిననాటికి మనది ఒకటే రాష్ట్రం. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన పథకం అది. ఇప్పుడు ఒకచోట డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ, ఇంకోచోట రాజీవ్ ఆరోగ్యశ్రీ. బోర్డులు మారాయి గానీ లోపలి కట్టడం అదే. రోగి ఆస్పత్రిలో చేరాలి, ఆ జబ్బుకో ప్యాకేజీ ఉండాలి, వైద్యం అయ్యాక డిశ్చార్జి కావాలి. గుండెకు స్టెంటు వేసినా, తుంటి ఎముక విరిగినా ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. ఈ పద్ధతిలో ఇమడని కొద్దిమంది గురించి నేను రాస్తున్నాను. పేగులు పోయి, తిన్నది ఒంటపట్టక, రాత్రిళ్లు గుండె దగ్గరి పెద్ద సిరలోకి ఆహారం ఎక్కించుకుని బతికేవాళ్లు వాళ్లు. డాక్టర్లు దీన్ని టోటల్ పేరెంటరల్ న్యూట్రిషన్ అంటారు. వార్డులో నర్సమ్మ దగ్గర్నుంచి ఆయా దాకా అందరికీ అది టీపీఎన్. మా వారు ఆ కొద్దిమందిలో ఒకరు. నేను తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని.

ముందు జబ్బు సంగతి చెప్పనివ్వండి. పెద్దవాళ్లకు చిన్నపేగు సుమారు ఇరవై అడుగులు ఉంటుంది. మనం తిన్న అన్నంలోని సారమంతా పీల్చుకునేది అదే. దానికి రక్తం తెచ్చే నాళంలోనో, తిరిగి తీసుకెళ్లే నాళంలోనో గడ్డ కడితే పేగు నల్లబడిపోతుంది. నొప్పి ప్రాణం పోయేంతగా ఉంటుంది, పొట్ట నొక్కి చూస్తే మొదట్లో మెత్తగానే ఉంటుంది. అందుకే చాలాచోట్ల గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపేస్తారు. తర్వాత పొట్ట కోసి చూసేసరికి కుళ్లిన పేగంతా తీసెయ్యడం తప్ప దారి ఉండదు. పేగు మెలిపడినా ఇంతే. క్రోన్స్ జబ్బుతో మళ్లీ మళ్లీ ఆపరేషన్లు అయినవాళ్లు, క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నాక పేగు పాడైనవాళ్లు, నెలలు నిండకుండా పుట్టి పేగు కుళ్లిన పసికందులు కూడా ఇక్కడికే వచ్చి చేరతారు. మిగిలిన పేగు రెండు మీటర్లకు తక్కువైతే దాన్ని పొట్టి పేగు అంటారు. మీటరు కూడా మిగలక, ఆ కొసను పొట్ట మీదికి తెచ్చి స్టోమా సంచి పెట్టాల్సి వస్తే, ఎన్ని పూటలు తిన్నా మనిషి ఎండిపోతూనే ఉంటాడు. మా వారికి మిగిలింది రెండున్నర అడుగులు.

చుట్టాలూ పక్కాలూ అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది: “మన ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే సరిపోదా?” అడిగేవాళ్లను తప్పుపట్టను. సెలైన్ ఎక్కిస్తే బలం వస్తుందని మనందరికీ చిన్నప్పట్నుంచీ నమ్మకం. కానీ లీటరు 5 శాతం గ్లూకోజ్ బాటిల్‌లో ఉండేది యాభై గ్రాముల చక్కెర. కేలరీలు లెక్కకడితే రెండు వందలు కూడా రావు. మాంసకృత్తులు లేవు, కొవ్వు లేదు. టీపీఎన్ సంచిలో ఇవన్నీ ఉంటాయి. ఒక అరలో చిక్కటి గ్లూకోజ్, ఒక అరలో అమైనో ఆమ్లాలు, ఒక అరలో సోయా లాంటి నూనెను కోడిగుడ్డు పచ్చసొనలోంచి తీసిన పదార్థంతో సన్నటి తుంపరగా కలిపిన తెల్లటి కొవ్వు ద్రావణం. వీటికి తోడు లవణాలు, విటమిన్లు, జింకు, సెలీనియం. ఇంత చిక్కటి ద్రావణం చేతి మీది సన్న నరంలోకి పోతే ఆ నరం మండి, వాచి, మూసుకుపోతుంది. పంట బోదెలో బస్తా యూరియా కుమ్మరిస్తే పైరు మాడుతుంది, అదే బస్తా పెద్ద కాలువలో పడితే ఇట్టే కలిసిపోతుంది. అందుకే ట్యూబు కొసను గుండెకు ఆనుకుని ఉన్న పెద్ద సిరలో, రక్తం జోరుగా పారేచోట ఉంచుతారు.

ఇది నిన్నా మొన్నా వచ్చిన వింత వైద్యం కాదని మీకు తెలియాలి. 1960లలో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్టాన్లీ డుడ్రిక్ అనే యువ సర్జన్ బీగిల్ కుక్కపిల్లలకు నోటితో ఏమీ పెట్టకుండా, సిర ద్వారానే ఆహారం ఇచ్చి పెంచాడు. అవి మామూలుగా తిన్న పిల్లలతో సమానంగా ఎదిగాయి. తర్వాత, పుట్టుకతోనే పేగు దాదాపు లేని ఒక పసిపాపకు ఇదే పద్ధతి వాడారు. ఆ పాప పెరిగిన తీరు 1968లో వైద్య పత్రికలకెక్కింది. స్వీడన్‌లో ఆర్విడ్ రెట్లిండ్ అంతకు కొన్నేళ్ల ముందే సిరలోకి క్షేమంగా ఎక్కించదగ్గ కొవ్వు ద్రావణం తయారుచేశాడు. 1970లో కెనడాలోని టొరంటోలో, మన దేశం నుంచి వెళ్లిన డాక్టర్ ఖుర్షీద్ జీజీభోయ్, పేగంతా పోయిన జూడీ టేలర్ అనే గృహిణిని ఈ ఆహారంతోనే ఇంటికి పంపారు. ఆమె ఇరవై ఏళ్లు బతికింది, పిల్లల్ని పెంచుకుంది.

అమెరికాలోని సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే కిడ్నీ డాక్టరుండేవాడు. ఈ ఉత్తరానికి ఆయన కథే ముఖ్యం, కాస్త ఓపిక పట్టండి. 1960కి ముందు డయాలసిస్ యంత్రం ఉంది గానీ, ప్రతిసారీ రక్తనాళం కోయాల్సి రావడంతో కొన్ని విడతలయ్యాక పొడవడానికి చోటే దొరికేది కాదు. స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టాన్ని చేతిలో శాశ్వతంగా అమర్చే ఉపాయం కనిపెట్టాడు. దాంతో, నాలుగు రోజుల్లో పోవాల్సిన కిడ్నీ రోగి ఏళ్ల తరబడి బతకొచ్చని తేలింది. ఆయన మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్ మరో పదకొండేళ్లు బతికాడు. అయితే యంత్రాలు తక్కువ, డబ్బు తక్కువ. ఎవరికి డయాలసిస్ ఇవ్వాలో తేల్చడానికి ఊళ్లోని మామూలు పౌరులతో ఒక కమిటీ వేశారు. రోగి ఉద్యోగం, పిల్లలు, సమాజానికి ఎంత పనికొస్తాడు, ఇవన్నీ చూసి ఎవరు బతకాలో ఆ కమిటీ తేల్చేది. 1962లో లైఫ్ పత్రిక ఈ సంగతి బయటపెట్టాక దేశం సిగ్గుపడింది. పదేళ్లకు, 1972లో, అమెరికా పార్లమెంటు చట్టం చేసి డయాలసిస్ ఖర్చును ప్రభుత్వ బీమా మీద వేసింది.

అదే స్క్రిబ్నర్ 1970లో ఇంకో వ్యాసం రాశాడు. అందులో ప్రతిపాదించినది కృత్రిమ పేగు. కిడ్నీ పోయినవాడికి యంత్రం ఎలాగో, పేగు పోయినవాడికి రాత్రిపూట ఇంట్లో ఎక్కించుకునే ఆహారం అలాగ అని ఆయన వాదన. ఆయన బృందంలోని జాన్ బ్రోవియాక్ 1973లో ఇందుకు పనికొచ్చే సిలికాన్ ట్యూబు చేశాడు. అదే ఊళ్లోని రాబర్ట్ హిక్‌మన్ 1979లో దాన్ని ఇంకొంచెం లావు చేశాడు. ఈ రాత్రి తెనాలిలో మా వారి ఛాతీ మీద నేను దూదితో తుడవబోయేది ఆ హిక్‌మన్ ట్యూబే.

అంటే ఈ రెండు వైద్యాలనూ జనం ఇళ్లలోకి నడిపించినవాళ్లలో ఒకే ఊరి ఒకే డాక్టరు ఉన్నాడు. మీ ప్రభుత్వాలు వాటిలో మొదటిదాన్ని అక్కున చేర్చుకున్నాయి. డయాలసిస్‌కు ఆరోగ్యశ్రీలో ప్యాకేజీ ఉంది. కేంద్రం 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం పెట్టింది. ఇంట్లోనే సంచులతో చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్‌ను 2019లో అందులో చేర్చింది. కిడ్నీ జబ్బులతో అల్లాడే ఉద్దానం జనం బాధ విని పలాసలో కిడ్నీ ఆస్పత్రి కట్టారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ఆంధ్రప్రదేశ్ నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. తెలంగాణ ఆసరా పింఛనును వాళ్లకూ వర్తింపజేసింది. ఇవన్నీ మంచి పనులు, మనస్ఫూర్తిగా అంటున్నాను. కిడ్నీ రోగి నయమై ఇంటికెళ్లడు, వారానికి రెండుమూడుసార్లు జీవితాంతం వస్తూనే ఉంటాడు అని తెలిసీ ప్రభుత్వం ఖర్చుకు ఒప్పుకుంది. చేరడం, నయం కావడం, వెళ్లిపోవడం అనే సూత్రాన్ని ఒకసారి ఇప్పటికే సడలించారు. రెండోసారి సడలించమని అడుగుతున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి ఏం జరుగుతుందో చెప్తాను. మీరు గానీ మీ అధికారులు గానీ ఒక రాత్రి వచ్చి కూర్చుంటే ఇంకా మంచిది. ముందు కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపేస్తాను. తిరిగే ఫ్యాన్ దుమ్ము రేపుతుంది, ఏప్రిల్ అయినా సరే ఆపాల్సిందే. బల్లను స్పిరిట్‌తో తుడిచి ఆరనిస్తాను. గాజులూ ఉంగరమూ తీసేసి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటాను. సంచిని బల్ల మీద పరిచి, పైనుంచి చుట్టుకుంటూ వస్తే అరల మధ్య అతుకులు ఒక్కొక్కటీ విడిపోయి, మూడు ద్రవాలూ కలిసి పాలలా అవుతాయి. విటమిన్ల ఇంజెక్షన్ అప్పుడు కలపాలి, ముందే కలిపి ఉంచితే పాడవుతాయి. ట్యూబు సెట్టులో గాలిబుడగ లేకుండా ఫిల్టరు దాకా నింపాలి. ఆ తర్వాతే ఛాతీ మీది ట్యూబు మూత. దాన్ని క్లోర్‌హెక్సిడిన్ స్పిరిట్ ముక్కతో గట్టిగా, ముప్పై లెక్కపెట్టేదాకా రుద్దుతాను. తొందరపడి ఊదకూడదు, గుడ్డతో ఒత్తకూడదు, దానంతటది ఆరాలి. అలా ఆరేదాకా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. మా చిన్నవాడికి అయితే తుమ్ము వచ్చినా పక్కగదిలోకి పరుగెత్తడం అలవాటైపోయింది. సెలైన్‌తో ఫ్లష్ చేసి, సంచి తగిలించి, పంపు ఆన్ చేస్తాను. తెల్లవారుజామున చివరి గంటలో వేగం సగానికి తగ్గించాలి. ఒక్కసారి ఆపేస్తే షుగర్ పడిపోవచ్చు. విప్పాక మళ్లీ ఫ్లష్, ఇన్‌ఫెక్షన్ రాకుండా ట్యూబులో నింపి ఉంచే లాక్ మందు, కొత్త మూత. తొమ్మిదింటికల్లా ఆయన స్నానం చేసి (ట్యూబు తడవకుండా చొక్కా లోపల ప్లాస్టిక్ అంటించి) ఎలక్ట్రికల్ షాపులో కూర్చుంటారు. వైరు చుట్టలు లెక్కపెట్టే ఈ మనిషి కడుపులో పేగు లేదని షాపుకొచ్చినవాళ్లకు తెలియదు.

ఇందులో నర్సింగ్ కోర్సు చదివినవాళ్లకే చేతనైన పని ఒక్కటీ లేదు. ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరి సీనియర్ సిస్టర్ ఒకామె దగ్గరుండి నాతో చేయించి, నా చెయ్యి పొరపాటున బల్లను తాకినప్పుడల్లా మళ్లీ మొదట్నుంచీ చేయించి నేర్పింది. ఆ సిస్టర్‌కు ఇది నేర్పమని పై నుంచి ఉత్తర్వు లేదు, దానికి జీతమూ లేదు.

ఎండాకాలం ఇంకో కథ. విప్పని సంచిని 25 డిగ్రీలకు మించని చోట ఉంచాలని దాని మీదే అచ్చువేసి ఉంటుంది. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల మా పక్క జిల్లాలోనే ఉంది. మా ఇంట్లో ఏసీ సంచుల గదిలో ఉంది, మేం హాల్లో పడుకుంటాం. కరెంటు పోతే పంపుకు బ్యాటరీ ఉంది, ఏసీకి లేదు. వచ్చినవాళ్లు ఆయన పెదాలు ఎండడం చూసి, “పాపం, కొబ్బరినీళ్లయినా పట్టమ్మా” అంటారు. ఈ జబ్బులో ఉన్న పెద్ద తిరకాసు అక్కడే. ఇంత పొట్టి పేగుతో స్టోమా ఉన్న మనిషి మంచినీళ్లు ఎక్కువ తాగితే, ఆ నీళ్లు ఒంట్లోని ఉప్పును లాక్కుని స్టోమా సంచిలోకి వచ్చేస్తాయి. తాగినకొద్దీ ఎండిపోతాడు. కొబ్బరినీళ్లలోనూ చాలినంత సోడియం ఉండదు. అందుకే మంచినీళ్లు రోజుకు అర లీటరుకు మించకుండా, ఉప్పు ఎక్కువగా ఉండేలా డాక్టరు చెప్పిన కొలతతో కలిపిన ఓఆర్ఎస్ గుక్కగుక్కగా తాగాలి. మే నెలలో దాహంతో ఉన్న మనిషికి గ్లాసుడు చల్లటి నీళ్లు కాదనడం ఎంత కష్టమో మీ ఊహకే వదిలేస్తున్నాను.

అన్నిటికంటే భయపెట్టేది జ్వరం. సంచి తగిలించిన గంట లోపు వణుకు మొదలై జ్వరం వచ్చిందంటే, వేరే కారణం తేలేదాకా అది ట్యూబులోంచి రక్తంలోకి పోయిన ఇన్‌ఫెక్షన్ అనే అనుకోవాలి. వెంటనే ఆపి ఆస్పత్రికి పరుగెత్తాలి. ట్యూబులోంచీ చేతి నరంలోంచీ రక్తం తీసి కల్చర్‌కు పంపి, ఆలస్యం లేకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ఒక రాత్రి మేం వెళ్లిన ఆస్పత్రి పేరు రాయను. అక్కడి డ్యూటీ డాక్టరు వైరల్ అని పారాసిటమాల్ రాశాడు. చేతికి నరం దొరకడం లేదని షుగర్ పరీక్షకు హిక్‌మన్‌లోంచే రక్తం లాగబోయాడు, అదీ చేతులు కడుక్కోకుండా. నేను మంచానికి అడ్డంగా నిలబడ్డాను. “మీరు డాక్టరా?” అన్నాడు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఎంబీబీఎస్‌లో అతనికి ఇలాంటి రోగిని ఎవరూ చూపించి ఉండరు. సర్జన్‌కు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెడితే గానీ పని జరగలేదు. ఇన్‌ఫెక్షన్ ముదిరితే ట్యూబు తీసేయాలి. తీసినచోట సిర మూసుకుపోవచ్చు. మనిషికి ట్యూబు పెట్టదగ్గ పెద్ద సిరలు మెడలో, భుజం ఎముక కింద, గజ్జల్లో కలిపి ఆరేడుకు మించవు. అవి అయిపోతే ఆహారం ఇచ్చే దారి మూసుకుపోతుంది, ఇక మిగిలేది పేగు మార్పిడే. మన దేశంలో అది ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టే చోట్లే జరుగుతోంది.

డబ్బు సంగతికి వస్తాను. ఒక సంచి మూడు నాలుగు వేలు. మా వారికి వారంలో అయిదు రాత్రులు కావాలి. ఫిల్టరు సెట్లు, గ్లోవ్స్, విటమిన్లు, లాక్ మందు, రక్త పరీక్షలు కలుపుకుంటే నెలకు లక్ష రూపాయలు. చెంచుపేటలో మాకున్న స్థలం అమ్మాం. ఇప్పుడు మా అన్నయ్య పంపుతున్నాడు. మామూలు ఆరోగ్య బీమా డిశ్చార్జి అయ్యాక రెండుమూడు నెలల ఖర్చు దాకా చూస్తుంది. పేగు పోయినవాడికి ఆ రెండుమూడు నెలలు ఏ మూలకు? ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలు, తెలంగాణలో 10 లక్షలు అని పథకం పరిమితి పెంచుతూ పోయారు, సంతోషమే. పరిమితి ఎంత పెంచినా, వాడుకోవడానికి ప్యాకేజీ పేరు ఒకటుండాలి కదా. ఇంకో విచిత్రం చూడండి. ఇంట్లో సంచికి పథకంలో దారి లేదు. సంచి కొనలేక మనిషి నీరసించి, కాళ్లు వాచి, సెప్సిస్‌తో ఐసీయూలో పడితే అప్పుడు దారి దొరుకుతుంది. ఎక్కువ ఖర్చయ్యే చోట ప్రభుత్వం చెయ్యి అందిస్తోంది, తక్కువలో అయ్యే చోట ముడుచుకుంటోంది.

మీ ఆర్థికశాఖ వాళ్లు అడిగే ప్రశ్న నాకు తెలుసు. ఎంతమంది ఉంటారు? ఇంత ఖరీదైన వైద్యం అలవాటు చేస్తే ఖజానా ఏమవుతుంది? యూరప్ నిపుణుల అంచనా ప్రకారం దీర్ఘకాలిక పేగు వైఫల్యం ఉన్నవాళ్లు పదిలక్షల జనాభాకు 5 నుంచి 80 మంది దాకా ఉంటారు. దేశాన్ని బట్టి ఇంత తేడా. అందులో అతి తక్కువ లెక్కే తీసుకున్నా మన రెండు రాష్ట్రాల్లో కలిపి నాలుగు వందల పైచిలుకు తేలతారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లతో పోలిస్తే ఇది ఒక మూలకు రాదు. ఆ నాలుగు వందల మంది ఇవాళ బతికి ఉన్నారని కూడా నేననడం లేదు. చాలామందికి ఆపరేషన్ బల్ల మీదే, “ఇంత పేగు తీసేస్తే బతకడు” అని పొట్ట మూసేస్తారు. బతికే దారి ఇంటి దాకా లేదని సర్జన్లకు తెలుసు. సియాటిల్ కమిటీని చదివి అయ్యో అనుకుంటాం. ఇక్కడ ఆ కమిటీ కూడా లేదు, ఇంటి స్థలం అమ్మగలిగినవాడు బతుకుతున్నాడు.

ఇంత చేసినా ఎన్నాళ్లు బతుకుతారు అని మరో అనుమానం. క్యాన్సర్ లేని జబ్బులతో ఇంటి టీపీఎన్ మీద ఉన్న యూరప్ రోగుల్లో అయిదేళ్ల తర్వాత నాలుగింట మూడు వంతుల మంది బతికే ఉన్నారు. ఇది మీరు ఇప్పటికే ఖర్చుపెడుతున్న ఎన్నో వైద్యాలకు తీసిపోని ఫలితం. కాలేయం దెబ్బతినడం, ఎముకలు గుల్లబారడం, సిరల్లో గడ్డలు, ఇవన్నీ ఉన్నాయి, దాచను. వాటిని కనిపెట్టుకుని ఉండే డాక్టర్ల బృందం ఉంటేనే ఆ ఫలితం వస్తుంది. బ్రిటన్‌లో ఈ రోగులకు లండన్‌లోని సెయింట్ మార్క్స్, సాల్ఫర్డ్ నగరంలోని సాల్ఫర్డ్ రాయల్ ఆస్పత్రులు జాతీయ కేంద్రాలు. అక్కడ ఇంటివాళ్లకు శిక్షణ ఇచ్చి పంపాక సంచులూ, వాటికోసం ప్రత్యేకంగా ఫ్రిజ్జూ ఇంటికే వస్తాయి, ఖర్చు ప్రభుత్వానిది. అమెరికా మెడికేర్ దీన్ని కృత్రిమ అవయవాల పద్దు కింద ఇస్తుంది. కాలు పోయినవాడికి కృత్రిమ కాలు ఇచ్చినట్టే, పేగు పోయినవాడికి సంచి. స్క్రిబ్నర్ మాట అక్కడ లెక్కల పుస్తకాల్లోకి కూడా చేరింది.

పిల్లల మాట వేరే చెప్పాలి. మన హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని పెద్ద ఎన్ఐసీయూల్లో నెలలు నిండని పసికందులకు టీపీఎన్ ఇవ్వడం రోజూ జరిగే పని. కాబట్టి ఈ మందూ, ఈ విద్యా మనకు కొత్తవి కావు, ఆస్పత్రి గడప దాటి బయటికి రావడమే కొత్త. పసిపిల్లల పేగుకు పెరిగే గుణం ఉంది. రెండు మూడేళ్లు సిరలోంచి ఆహారం ఇస్తూ, నోటితో కొంచెం కొంచెం అలవాటు చేస్తూ పోతే, మిగిలిన పేగు సాగి, లావై, చాలామంది పిల్లలు సంచి నుంచి బయటపడతారు. అలాంటి బిడ్డకు జీవితాంతం ఖర్చు అక్కర్లేదు, ఆ రెండు మూడేళ్లు దాటిస్తే చాలు. ఆ రెండు మూడేళ్లు బిడ్డను ఎన్ఐసీయూలోనే ఉంచడం ఎవరి తరమూ కాదు. దాంతో ఆ తల్లిదండ్రుల చేత కాగితం మీద సంతకం పెట్టించి ఇంటికి పంపుతారు. ఆ కాగితానికి వార్డుల్లో అందరికీ తెలిసిన పేరుంది, లామా. వైద్యుల సలహాకు విరుద్ధంగా మేమే తీసుకెళ్తున్నాం అని దాని అర్థం. ఆ తల్లిదండ్రులు వెళ్లింది సలహాకు విరుద్ధంగా కాదని సంతకం పెట్టించినవాళ్లకూ తెలుసు.

నేను అడిగేవాటికి కొత్త భవనం అక్కర్లేదు, శంకుస్థాపన రాయి అక్కర్లేదు. దీర్ఘకాలిక పేగు వైఫల్యాన్ని మీ పథకాలు నడిపే ట్రస్టుల జాబితాలో ఒక జబ్బుగా గుర్తించండి. రోగి ఆస్పత్రిలో పడుకోకపోయినా నెలనెలా సంచులూ, సరంజామా, లాక్ మందూ ఇచ్చేలా ప్యాకేజీ రాయండి. ఎవరికి నిజంగా అవసరమో తేల్చడానికి, ఎంత కొవ్వు ఎంత గ్లూకోజ్ ఇవ్వాలో మూడు నెలలకోసారి రక్త పరీక్షలు చూసి సరిదిద్దడానికి హైదరాబాద్‌లో నిమ్స్‌లోనో ఉస్మానియాలోనో ఒక బృందం, గుంటూరు జీజీహెచ్‌లోనో విశాఖ కేజీహెచ్‌లోనో ఒక బృందం పెట్టండి. ఒక సర్జన్, ఒక గ్యాస్ట్రో డాక్టరు, ఒక డైటీషియన్, ఒక ఫార్మసిస్టు, ఇంటివాళ్లకు చెయ్యి పట్టుకుని నేర్పే ఇద్దరు సిస్టర్లు ఉంటే చాలు, వీళ్లంతా ఇప్పటికే మీ జీతాల పట్టీలో ఉన్నవాళ్లే. నాలాగా ఒక్కొక్కరం మెడికల్ ఏజెన్సీ గడప తొక్కి ఎమ్మార్పీకి కొనే సంచిని మందులు కొనే మీ వైద్య మౌలిక వసతుల సంస్థలు టెండరు పిలిచి టోకున కొంటే ధర ఎంత దిగుతుందో మీ అధికారులకు నాకంటే బాగా తెలుసు. ఈ రోగులకు ఒక కార్డు ఇవ్వండి. జ్వరం వస్తే ఏం చేయాలో, ట్యూబును ఎవరు ముట్టుకోవచ్చో, ఎవరు ముట్టుకోకూడదో తెలుగులో, ఇంగ్లీషులో రాసి ఉన్న కార్డు. జిల్లా ఆస్పత్రి క్యాజువాలిటీలోనూ 108 బండిలోనూ దాన్ని చూపిస్తే ప్రశ్నలు తగ్గి పని మొదలవ్వాలి. పింఛను అన్నిటికంటే చివరి మాట, డయాలసిస్ వాళ్లకు ఇచ్చేది వీళ్లకూ ఇస్తే కాదనేవాళ్లం కాదు.

ఇంకొక్క మాట, ఇలాంటి ఇళ్లలో ఉన్న మిగతావాళ్లకు. అమెరికాలో 1983లో, బ్రిటన్‌లో 1987లో టీపీఎన్ రోగులూ ఇంటివాళ్లూ కలిసి సంఘాలు పెట్టుకున్నారు. మనం ఒకరికొకరం తెలియకుండా తలుపులేసుకుని కూర్చున్నాం. మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఇలాంటివారుంటే, మీరూ మీ మంత్రిగారికి ఒక ఉత్తరం రాయండి. పేరు బయటపెట్టడం ఇష్టం లేకపోతే జిల్లా పేరు, రోగి వయసు, మిగిలిన పేగు ఎంత, నెల ఖర్చు ఎంత, ఈ నాలుగూ రాస్తే చాలు. అడిగినప్పుడు చూపించడానికి ఒక లెక్కంటూ తయారవుతుంది.

మంత్రివర్యులారా, ప్యాకేజీల జాబితాను మీరు ఎప్పటికప్పుడు సవరిస్తూనే ఉంటారు. వచ్చే సవరణలో డయాలసిస్ ఉన్న పేజీలోనే దీన్నీ చేర్చండి: దీర్ఘకాలిక పేగు వైఫల్యం, ఇంటి వద్ద టీపీఎన్, నెలవారీ.

భవదీయురాలు,
ఒక తెలుగు టీచరు,
తెనాలి.